తాజా చేపలో విషం ఎక్కడిది? వండితే ఎందుకు పోదు?

మీరు రాసింది క్లుప్తంగా మళ్ళీ చెబుతాను, చదివేవాళ్ళకు అర్థమవడానికి. మీ బావగారు ఫ్లోరిడాలో ఉంటారు. స్నేహితుడు బహామాస్ వైపు పడవలో వేటకెళ్ళి బారకూడా తెచ్చాడు. చేప తాజాది. కొన్ని ముక్కలు వేయించారు, తలకాయ పులుసు పెట్టారు. ఆ రాత్రే వాంతులు, విరేచనాలు. మర్నాటి నుంచి పెదాలు, అరికాళ్ళు తిమ్మిరెక్కాయి. చల్లటి నీళ్ళు తాగితే నాలుక కాలినట్టుంటోంది. ఆస్పత్రిలో చేప విషం అన్నారు. తాజా చేపలో విషం ఎలా వచ్చింది, అంతసేపు ఉడికినా ఎందుకు పోలేదు, ఇంట్లో పిల్లలకు సముద్రపు చేప పెట్టడం మానేయాలా అని మీరు అడుగుతున్నారు.

సూటిగా జవాబు: ఆ విషం ఎవరూ కలిపింది కాదు, చేప పాడై పుట్టింది కాదు, ఫ్యాక్టరీ వ్యర్థాల వల్ల వచ్చిందీ కాదు. పగడపు దిబ్బల మీద నాచును అంటుకుని బతికే, కంటికి ఆనని ఒక జీవి దాన్ని తయారుచేస్తుంది. నాచుతోపాటు దాన్ని చిన్న చేప తింటుంది, ఆ చేపను పెద్ద చేప తింటుంది, పెద్దదాన్ని మనం తింటాం. వేయించినా, ఉడికించినా, ఎండబెట్టినా, ఫ్రీజర్‌లో నెలలపాటు ఉంచినా అది పోదు. మీరు చెప్పిన లక్షణాలు, ముఖ్యంగా చల్లటిది తగిలితే మండడం, సిగువటేరా అనే జబ్బుకు బాగా సరిపోతాయి. మన ఆంధ్ర తీరంలో పట్టే మామూలు చేపలకు ఈ భయం చాలా తక్కువ. పిల్లలకు చేప మానిపించకండి.

నేను ఫిషరీస్ చదివి, విశాఖలో ఎగుమతికి వెళ్ళే చేపలు, రొయ్యల నాణ్యత పరీక్షల్లో చాలా ఏళ్ళు పనిచేశాను. మధ్యలో కొంతకాలం మారిషస్‌లో చేపల వ్యాపారంలో ఉన్నాను. డాక్టర్ని కాను. వైద్యం సంగతి వచ్చినచోట డాక్టర్ల దగ్గర విన్నదీ, చదివిందీ చెబుతాను, అంతవరకే.

ఇక అసలు విషయం. ఆ జీవి పేరు గాంబియర్‌డిస్కస్. మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ఫ్రెంచ్ పాలినేషియాలోని గాంబియర్ దీవుల దగ్గర జపాన్ శాస్త్రవేత్త తకేషి యాసుమోతో బృందం దీన్ని గుర్తించి 1977లో ప్రకటించింది. దీవి పేరే దానికి పెట్టారు. జబ్బు మాత్రం నావికులకు ఎప్పటినుంచో తెలుసు. 1774లో కెప్టెన్ కుక్ ఓడ ఇప్పటి వనువాటు దీవుల దగ్గర ఆగినప్పుడు, అక్కడ పట్టిన ఎర్ర చేపలు తిన్నవాళ్ళు మంచం పట్టారు. పారేసిన పేగులు తిన్న పందులు, కుక్కలు కూడా జబ్బుపడ్డాయి. పేగుల సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

సముద్రం ఎర్రబడిందనీ, పచ్చబడిందనీ పేపర్లలో చదువుతుంటాం. అది నీళ్ళలో తేలే శైవలాలు (కంటికి ఆనని నాచు జాతి జీవులు) ఒక్కసారిగా పెరగడం వల్ల. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉపగ్రహాల సాయంతో అలాంటి వాటిమీద సమాచారం ఇస్తుంది కూడా. గాంబియర్‌డిస్కస్ తీరు వేరు. అది తేలదు. చనిపోయిన పగడాల మీద పెరిగే పొట్టి నాచును పట్టుకుని అడుగునే ఉంటుంది. నీళ్ళు అద్దంలా తేటగా ఉంటాయి, చేప మిలమిల మెరుస్తుంది, పైనుంచి చూస్తే ఏ తేడా కనిపించదు. అందుకే ఇది ఇంతమందిని ఏమారుస్తుంది.

బతికున్న పగడం మీద నాచు అంత తేలిగ్గా పెరగదు. పగడం చస్తేనే దానికి చోటు. తుపాను దిబ్బను పగలగొట్టినా, నీళ్ళు వేడెక్కి పగడాలు తెల్లబోయి చచ్చినా, రేవు కోసం తవ్వినా, ఓడ వచ్చి దిబ్బ మీద కూలబడినా ఖాళీ అయిన రాతిమీద నాచు పరుచుకుంటుంది, దానితోపాటే ఈ జీవి కూడా చేరుతుంది. ఫలితం వెంటనే కనబడదు. గొలుసులో ఒక్కో మెట్టూ ఎక్కి మనిషి కంచం దాకా రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఈలోగా జనం తుపాను సంగతే మరిచిపోయి ఉంటారు.

మొదటి మెట్టు నాచు తినే చేపలు. సర్జన్‌ఫిష్ నాచును గీరుకుని తింటుంది, చిలకముక్కులాంటి నోరున్న పారట్‌ఫిష్ పగడం పైపొరతో సహా కొరుకుతుంది. వీటి ఒంట్లోకి ప్రతిరోజూ కొద్దికొద్దిగా విషం వెళుతుంది. దీనికి నీళ్ళలో కరిగే గుణం లేదు, కొవ్వులో కరుగుతుంది. ఆవకాయ జాడీని ఎన్ని నీళ్ళతో కడిగినా నూనె జిడ్డు వదలనట్టు, ఇది చేప ఒంట్లో చేరాక మూత్రంతో తేలిగ్గా బయటికి పోదు. బయటికి పోయే వేగం కన్నా లోపలికి వచ్చే వేగం ఎక్కువ, కాబట్టి మిగులు పెరుగుతూ పోతుంది. ఇక రెండో మెట్టులో వాటిని వేటాడే గ్రూపర్లు, స్నాపర్లు, బారకూడాలు, మొరే పాములు (పాములా పొడుగ్గా ఉండే చేపలే). వీటిలో ప్రతి ఒక్కటీ తన జీవితంలో అలాంటి చేపల్ని వందల కొద్దీ తింటుంది. ప్రతిదాని ఒంట్లోని మిగులూ దీని ఖాతాలోకి వస్తుంది.

విషం పోగుపడడంతో ఆగిపోదు, మారుతుంది కూడా. గాంబియర్‌డిస్కస్ తయారుచేసిన పదార్థం చేప కాలేయంలో ఆక్సీకరణ చెంది మరింత తీవ్రమైన రూపానికి వస్తుంది. దాన్నే సిగువటాక్సిన్ అంటారు. అంటే వేటాడే చేపలో ఉండేది పరిమాణంలోనే కాదు, తీవ్రతలోనూ నాచులో ఉన్నదానికన్నా ఎక్కువ. మరి చేప చావదా అని చాలామంది అడుగుతారు. మోతాదు చాలా చిన్నది, నెమ్మదిగా చేరుతుంది, చేప శరీరం దాన్ని చాలావరకు సర్దుకుంటుంది. బయటికి ఆరోగ్యంగా, బలంగా ఈదుతూనే ఉంటుంది.

ఎంత చిన్న మోతాదంటే, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పసిఫిక్ సిగువటాక్సిన్‌కి పెట్టిన మార్గదర్శక పరిమితి కిలో చేపకు 0.01 మైక్రోగ్రాము. లెక్క వేస్తే లక్ష టన్నుల చేపలో ఒక్క గ్రాము. కరీబియన్ వైపు దొరికే రకం కొంచెం తక్కువ తీవ్రం, దానికి 0.1 మైక్రోగ్రాము. మీ బావగారు తిన్నది ఈ రెండో రకమే అయ్యుండాలి. యాసుమోతో బృందం 1989లో ఈ అణువు నిర్మాణాన్ని తేల్చింది. అందుకు నాలుగు టన్నుల మొరే పాముల్ని పోగుచేస్తే వాళ్ళకు చేతికొచ్చిన శుద్ధమైన విషం 0.35 మిల్లీగ్రాములు. ఇంత తక్కువలో ఉన్నదాన్ని పట్టుకోవాలంటే ఖరీదైన యంత్రాలు, అలవాటైన చేతులు కావాలి. రేవులో చేపకి చేప పరీక్షించడం ఇప్పటికీ కుదిరే పని కాదు.

వండితే ఎందుకు పోదు? వేడికి చచ్చేవి బ్యాక్టీరియా, క్రిములు. ఇది ప్రాణి కాదు, రసాయనం. పక్కపక్కనే వలయాలు పేర్చినట్టున్న గట్టి నిర్మాణం దీనిది. మరిగే నీళ్ళకు, కాగే నూనెకు చెదరదు. చింతపండు పులుపుకి, ఉప్పుకి, పసుపుకి కూడా అంతే. మా వైపు కొంతమంది గట్టిగా పులుపు వేస్తే విషం విరుగుతుందని నమ్ముతారు. దయచేసి నమ్మకండి. వాసన ఉండదు, రుచి మారదు, రంగు మారదు. వెండి నాణెం నల్లబడుతుందనీ, ఈగలు వాలవనీ, చీమలు ముట్టవనీ దీవుల్లో రకరకాల పరీక్షలు ప్రచారంలో ఉన్నాయి. ఏవీ పనిచేయవు. మారిషస్‌లో నాతో పనిచేసిన ఒక పెద్దాయన, తెలుగు మూలాలున్న కుటుంబమే, ముందు ఒక ముక్క పిల్లికి పెట్టి సాయంత్రం దాకా చూసేవారు. పిల్లులకు ఈ విషం ఎక్కే మాట నిజమే. అయితే పిల్లికి పడేసే ముక్కలో ఎంత ఉంది, మనం తినే తల, కాలేయంలో ఎంత ఉందన్నది వేరు లెక్క. పిల్లికి ఏమీ కాలేదని మనకు ఏమీ కాదనుకోవడం ప్రమాదం.

తల, కాలేయం, పేగులు, జన (చేప గుడ్లు): వీటిలో విషం కండలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. మనవాళ్ళకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే తలకాయ పులుసు మనకు ప్రీతి. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి ఓడల్లో పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అలాంటి ఒక కుర్రాడి ఇంటివాళ్ళు ఒకసారి నన్ను సంప్రదించారు. ఓడ ఉష్ణమండల దీవి దగ్గర లంగరు వేసి ఉండగా సరదాగా గాలం వేసి పెద్ద గ్రూపర్ని పట్టారు. అందరూ తలా ఒక ముక్క తిన్నారు. వంటచేసిన మనిషి మాత్రం తలా, కాలేయం తనకు ఉంచుకున్నాడు. మిగతావాళ్ళు రెండుమూడు రోజుల్లో తేరుకున్నారు, అతనికి నెలల తరబడి కాళ్ళ మంటలు వదల్లేదు. అదే చేప, అదే కుండ. మీ బావగారింట్లో మిగతావాళ్ళు బాగానే ఉన్నారని రాశారు. పులుసులో తల ఎవరు తిన్నారో అడగండి, కారణం అక్కడే దొరకొచ్చు.

పెద్ద చేప తినకపోతే చాలు కదా అనే సలహా మీకు ఎక్కడ చూసినా కనబడుతుంది. సగం నిజం. మూడు కిలోలు దాటిన వేట చేపను మానేస్తే ప్రమాదం తగ్గుతుందన్నది మాట వరకు మంచిదే. కానీ ఫ్రెంచ్ పాలినేషియాలో ఎన్నో జాతుల చేపల్ని పరీక్షించినవాళ్ళు చాలా జాతుల్లో సైజుకీ విషానికీ నమ్మదగిన సంబంధం కనబడలేదని 2014లో రాశారు. నాచు తినే చిన్న సర్జన్‌ఫిష్ తిని జబ్బుపడినవాళ్ళు దీవుల్లో మామూలే. అదే దిబ్బ ఈ కొసన చేప మంచిది, ఆ కొసన చేప చెడ్డది కావొచ్చు, ఎందుకంటే దిబ్బ చేపలు పెద్దగా ఊరు మారవు. నా అనుభవంలో నేను నమ్మేది ఒక్కటే: చేప ఏ జాతి, ఎంత తాజా అన్నవాటికన్నా ముందు, అది ఏ నీళ్ళలో ఏం తిని పెరిగిందో అడగాలి. మారిషస్‌లో అనుభవమున్న కొనుగోలుదారులు సరిగ్గా ఇదే చేసేవారు. ఆ దేశానికి ఉత్తరాన సాయా డి మాల్యా, నజరెత్ అనే విశాలమైన మెట్టలు సముద్రం అడుగున ఉన్నాయి. అక్కడి కొన్ని చేపల్లో విషం ఉంటుందని పరిశోధనల్లో తేలింది. అవే జాతులు ఇంకోచోట పడితే తీసుకునేవారు, అక్కడివైతే వద్దనేవారు. పడవ ఎక్కడెక్కడ తిరిగిందో రాసుకునే పుస్తకం చూపించకపోతే బేరమే మొదలయ్యేది కాదు.

ఎక్కడిదో తెలియకుండా చేప దూరాలు ప్రయాణిస్తుంది కాబట్టి, పగడపు దిబ్బలు లేని ఊళ్ళకూ ఈ జబ్బు వస్తుంది. 2010, 2011లో న్యూయార్క్ నగరంలో 28 మందికి వచ్చింది, బారకూడా, గ్రూపర్ తిని. 2008లో ఎఫ్‌డీఏ గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోని ఫ్లవర్ గార్డెన్ బ్యాంక్స్ చుట్టుపక్కల చేపల గురించి కంపెనీలకు హెచ్చరిక పంపింది. ఎప్పుడూ లేని చోట్ల కూడా మొదలైంది. 2004లో స్పెయిన్‌కి చెందిన కెనరీ దీవుల్లో 26 కిలోల ఆంబర్‌జాక్ చేప తిన్న ఒక కుటుంబంలో ఐదుగురికి వచ్చాక గానీ అట్లాంటిక్ ఆ వైపున కూడా ఇది ఉందని తెలియలేదు. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఈ జీవి ఉండగలిగే హద్దులు విస్తరిస్తాయన్నది ఈ రంగంలో అందరి ఆందోళన, నాదీ.

మన దేశం సంగతి. 2016లో మంగళూరు నుంచి సిగువటేరాగా అనుమానించిన కేసు కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చింది. కాబట్టి భారతదేశానికి రాదని అనడానికి లేదు. అయితే మన పగడపు దిబ్బలన్నీ ప్రధానంగా లక్షదీవులు, అండమాన్ నికోబార్, మన్నారు సింధుశాఖ, కచ్ వైపు ఉన్నాయి. ఆంధ్ర తీరానికి గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు వల్ల నీళ్ళు మసకగా ఉంటాయి, పెద్ద పగడపు దిబ్బలు పెరగవు. దిబ్బ లేకపోతే ఈ గొలుసుకు మొదటి మెట్టే లేదు. కానాగడతలు, కవళ్ళు, చందువ, వంజరం, మాగ, పండుగప్ప మన దగ్గర పట్టినవైతే సిగువటేరా గురించి నేను ఆలోచించను, మా ఇంట్లో తింటాం. ఎక్కడిదో చెప్పకుండా గడ్డకట్టించి అమ్మే పెద్ద ఎర్ర స్నాపర్ తలలు, గ్రూపర్ తలలు మాత్రం నేను కొనను.

సముద్రపు విషాలన్నీ ఇలాగే పోగుపడతాయనుకోకూడదు. అందుకే మిగతావి కూడా కొంచెం చెప్పాలి.

ఆల్చిప్పలది వేరే దారి. అవి రోజంతా నీళ్ళను వడకట్టుకుని తింటాయి. నీళ్ళలో విష శైవలం పెరిగిన రోజుల్లో ఒక్కో చిప్ప దాన్ని భారీగా పోగేసుకుంటుంది. శైవలం తగ్గాక కొన్ని వారాల్లో చాలావరకు శుభ్రపడుతుంది, కొన్ని రకాలకు నెలలు పడుతుంది. శాక్సిటాక్సిన్ అనే విషం ఇలా వస్తుంది, ఊపిరి కండరాలను చచ్చుబడేలా చేస్తుంది. ఇది మనకు దూరపు కథ కాదు. 1981లో తమిళనాడులో చిప్పలు తిని 85 మంది ఆస్పత్రి పాలయ్యారు, ముగ్గురు పోయారు. 1997లో కేరళలోని విళింజంలో మసెల్స్ అనే రకం ఆల్చిప్పలు తిని ఏడుగురు చనిపోయారు, అయిదొందల మందికి పైగా ఆస్పత్రికి చేరారు. చిప్పల్లో ఈ విషానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి కిలోకు 0.8 మిల్లీగ్రాములు. ఎగుమతి సరుకుకి ఇలాంటి పరీక్షలు జరుగుతాయి, ఊళ్ళో గంపలో అమ్మేదానికి జరగవు. నీళ్ళ రంగు మారిన రోజుల్లో చిప్పలు ఏరుకోవద్దని తీరంలో ఉన్న మన బంధువులకు చెప్పండి.

చిన్న చేపల్లో విషం కండలోకి ఎక్కకుండా పేగుల్లోనే ఉండిపోయేదీ ఒకటుంది. దాని పేరు డొమోయిక్ ఆమ్లం. నీళ్ళలో కరుగుతుంది కాబట్టి త్వరగానే బయటికి పోతుంది, గొలుసులో పైకెక్కుతూ పేరుకోదు. తిన్న మేతతో పొట్ట నిండి ఉన్నప్పుడు పట్టిన చేపను పేగులతో సహా మింగినవాళ్ళకే దెబ్బ. 1991లో కాలిఫోర్నియా మాంటెరీ తీరంలో నెత్తళ్ళ జాతి చేపలు తిన్న పెలికాన్లు ఇలాగే చచ్చాయి. మనుషుల్లో ఇది 1987లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ మసెల్స్ వల్ల బయటపడింది. ముగ్గురు మరణించారు, బతికినవాళ్ళలో కొందరికి జ్ఞాపకశక్తి దెబ్బతింది. పచ్చి నెత్తళ్ళు, కవళ్ళు వండేటప్పుడు తల తుంచి పేగు లాగేయడం మన ఇళ్ళల్లో ఉన్న అలవాటే. ఓపిక లేని రోజున కూడా ఆ పని మానకండి. ఒక్క మాట, నీళ్ళలో కరిగే విషం ఉడికేటప్పుడు పులుసులోకి దిగుతుంది. పులుసు మనం పారబోయం, అన్నంలో కలుపుకుంటాం. కాబట్టి ఉడికిస్తే దిగిపోతుందన్న మాట మన వంటకు వర్తించదు.

బెలూన్‌లా ఉబ్బే పఫర్ చేపది మరో లెక్క. దాని టెట్రోడోటాక్సిన్ బ్యాక్టీరియా నుంచి మొదలై, అడుగున పాకే జీవుల ద్వారా చేప కాలేయంలో, అండాశయంలో చేరుతుంది. జపాన్‌లో విషం లేని మేత పెట్టి పెంచిన పఫర్లలో విషం లేదని తేలింది. అంటే ఇక్కడ కూడా మూలం మేతే. సిగువటాక్సిన్ నాడుల్లోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వదు, అందుకే మంటలు, తిమ్మిర్లు. టెట్రోడోటాక్సిన్ వాటిని బిగించేస్తుంది, అందుకే పక్షవాతం, ఊపిరాడకపోవడం. 2008లో బంగ్లాదేశ్‌లో మూడు సంఘటనల్లో 141 మంది జబ్బుపడితే 17 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది చవగ్గా దొరికిందని కొన్న పేదవాళ్ళు. వలలో పఫర్ పడితే పారేయాలి, ఎండబెట్టినా తినకూడదు. ఐరోపా సమాఖ్య ఈ కుటుంబం చేపల అమ్మకాన్నే నిషేధించింది.

సొరచేపల గురించి ఒక మాట. 1993లో మడగాస్కర్ తూర్పు తీరంలో ఒక బుల్ షార్క్ మాంసం తిని వందల మంది జబ్బుపడ్డారు, చాలామంది ప్రాణాలు పోయాయి. మన దగ్గర బాలింతలకు సొర పిట్టు పెట్టే ఆచారం ఉంది, చిన్న సొరలతో చేస్తారు. అది మానమని నేను అనను. పెద్ద సొర కాలేయం, మాంసం మాత్రం బాలింతలకు, పిల్లలకు పెట్టవద్దు. పాదరసం కూడా అలాంటి చేపల్లోనే ఎక్కువ. పాదరసం అంటే గుర్తొచ్చింది, దాన్నీ సిగువటేరానూ కలపకండి. పాదరసం కండలోని ప్రోటీన్‌కి అంటుకుని ఏళ్ళ తరబడి చేరేది, దాని దెబ్బ నెమ్మదిగా తెలుస్తుంది. సిగువటేరా ఒక్క పూట భోజనంతో గంటల్లో పడగొడుతుంది.

మనవాళ్ళకు నిజంగా ఎక్కువసార్లు ఎదురయ్యేది వీటిలో ఏదీ కాదు, హిస్టమిన్. సూర, కానాగడత లాంటి చేపల్ని ఐసు లేకుండా ఎండలో ఉంచితే బ్యాక్టీరియా కండలో హిస్టమిన్ పుట్టిస్తుంది. తిన్న గంటలోపే ముఖం ఎర్రబడుతుంది, దద్దుర్లు, తలనొప్పి, గుండెదడ. చాలామంది దీన్ని చేప పడలేదు, ఎలర్జీ అనుకుని జీవితాంతం చేప మానేస్తారు. ఇది చేప బతికుండగా చేరిన విషం కాదు, పట్టాక మన నిర్లక్ష్యంతో పుట్టింది. ఇది కూడా వండితే పోదు, కానీ పట్టిన క్షణం నుంచి ఐసులో పెడితే పుట్టనే పుట్టదు. సిగువటేరాను ఐసు ఆపలేదు. తాజాదనం ఒక జబ్బును ఆపుతుంది, ఇంకోదాన్ని ఆపదు. మీ ప్రశ్నలోని అయోమయమంతా ఇక్కడే ఉంది.

ఇప్పుడు మీ బావగారి గురించి. సిగువటేరాలో ప్రాణం పోవడం చాలా అరుదు. ఈ మొదటి రోజుల్లో చూడాల్సింది గుండె వేగం, రక్తపోటు. నాడి బాగా నెమ్మదించినా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. విరుగుడు మందు లేదు. మానిటాల్ సెలైన్ గురించి నెట్‌లో చాలా రాస్తారు. 1988లో మార్షల్ దీవుల నుంచి మంచి ఫలితాలు రాశారు, 2002లో పోల్చి చూసిన పరీక్షలో మామూలు సెలైన్ కన్నా మేలని తేలలేదు. ఇవ్వాలా వద్దా అన్నది డాక్టర్ నిర్ణయం. మంటలకు, నొప్పులకు, నిద్రకు మందులు ఇస్తారు. తిమ్మిర్లు వారాల్లో తగ్గడం మామూలు, కొందరికి నెలలు పడుతుంది. ఆయనకు ఇది మనసు కల్పించుకున్నది కాదని ఇంట్లోవాళ్ళు నమ్మాలి. బయటికి ఏమీ కనబడని జబ్బు కాబట్టి ఎదుటివాళ్ళు తేలిగ్గా తీసుకుంటారు, రోగి అందుకే ఎక్కువ నలిగిపోతాడు.

కనీసం మూడు నుంచి ఆరు నెలలు మద్యం పూర్తిగా మానాలి. ఏ చేపా తినకూడదు, మంచి చేప అయినా సరే. జీడిపప్పు, పల్లీలు, బాదం లాంటి పప్పులు కూడా కొందరికి లక్షణాల్ని తిరగబెడతాయి, కాబట్టి మానితే మేలు. ఒళ్ళు విపరీతంగా అలిసే వ్యాయామం, ఎండదెబ్బ తగిలే పనులు వాయిదా వేయాలి. ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ వస్తే ఇంకా తీవ్రంగా ఉంటుంది, ఒంటికి అలవాటు కాదు. ఆ ఇంట్లో పాలిచ్చే తల్లి ఎవరైనా ఆ పులుసు తిని ఉంటే డాక్టర్‌కి తప్పక చెప్పండి. పాల ద్వారా బిడ్డకు చేరిన సందర్భాలు నమోదయ్యాయి.

ఆ చేపలో మిగిలిన ముక్కలు ఫ్రీజర్‌లో ఉన్నాయేమో కనుక్కోండి. ఎవరూ తినకుండా, పారేయకుండా, మూటగట్టి పేరూ తేదీ రాసి అలాగే ఉంచమనండి. ఫ్లోరిడాలో సిగువటేరా కేసును ఆరోగ్య శాఖకు తెలియజేయాలి, డాక్టర్ చెప్పి ఉండకపోతే మీ బావగారే కౌంటీ ఆరోగ్య కార్యాలయానికి గానీ పాయిజన్ కంట్రోల్‌కి గానీ ఫోన్ చేయొచ్చు. ముక్క ఉంటే పరీక్షకు పంపే వీలుంటుంది. ఇంకో పని: ఆ స్నేహితుణ్ణి పడవ ఏ దిబ్బ దగ్గర ఆగిందో అడిగి రాసి పెట్టుకోండి, అదే చోట పట్టిన చేప ఇంకెవరెవరి ఇళ్ళకు వెళ్ళిందో కనుక్కుని ఈరోజే వాళ్ళకు చెప్పండి.